పథ్యము, పరామర్శ

మేము శంషాబాదునందు ఇల్లు కట్టుకొన్న నాడు ఇచ్చట విమానములు లేవు. బెంగుళూరు బాట కిరువైపుల ద్రాక్షతోటలును జొన్నచేలును ఉండెడివి. ఉందానగరు స్టేషనులో ప్యాసింజరు బండి ఆగిన చప్పుడే ఊరికి పెద్ద చప్పుడు. 2008వ సంవత్సరము మార్చి మాసమున విమానములు బేగంపేటను విడిచి ఇక్కడకు వచ్చినవి. నాటినుండి మా మేడమీద ఎండబెట్టిన వడియములపై కాకి నీడకంటె విమానపు నీడయే ఎక్కువగా పడుచున్నది.

చప్పుడునకు చెవులు అలవాటుపడినవి. అలవాటుపడనిది మఱియొకటి కలదు. మా యిల్లు బంధువులకెల్ల సత్రమైనది. దుబాయినుండి వచ్చువారును, డాలసునకు పోవువారును, వారిని ఎదుర్కొనుటకును సాగనంపుటకును వచ్చు పదుగురును మా వాకిట చెప్పులు విడువక మానరు. అర్ధరాత్రము విమానము, మూడుగంటలకు చాయ, తెల్లవాఱుజామున ఉప్మా. మేము ఆతిథ్యమును నిందించుట లేదు. కాని ఆ చెప్పుల వరుసను ముందు చెప్పనిదే మా అక్కగారి సంగతి చదువరులకు బోధపడదు.

అక్కగారిది షాద్‌నగరు. అరువదియాఱేండ్ల వయస్సు. బావగారు గతించి తొమ్మిదేండ్లయినది. ఒక్కడే కుమారుడు, డాలసులో ఉద్యోగము. రెండేండ్ల క్రిందట అక్కగారికి కడుపుబ్బరము, నొప్పి, వాంతులు కలిగినవి. పరీక్షింపగా పెద్దప్రేగున కణితి పెరిగి దారి మూయుచున్నదని తేలినది. తడవు చేయరాదని నగరమునందలి వైద్యులు ఆ రాత్రియే కడుపు తెఱచి, కణితిని కొంత ప్రేగుతోకూడ తీసివేసి, మిగిలిన కొనలను కలిపి కుట్టిరి. ఎనిమిదవనాడు, ఇక ఇంటికి పోవచ్చుననిరి. మా యిల్లు దగ్గఱ గనుక ఆమెను మా యింటికే తెచ్చుకొంటిమి. ఆపరేషను బాగుగా జరిగినది, గండము గడచినది అని మేము ఊపిరి పీల్చుకొంటిమి. మా తప్పు అక్కడనే మొదలైనది.

వైద్యులిచ్చిన కాగితమున ఆహారమును గూర్చి స్పష్టముగా వ్రాసియుండెను. పప్పు, గ్రుడ్డు, పాలు, పెరుగు కొద్దికొద్దిగా పలుమారులు పెట్టవలెనని. మేము ముప్పదియేండ్లు బడిలో ఇంగ్లీషు చెప్పినవారము. కాగితము అర్థము కాలేదనుటకు వీలు లేదు. కాని కాగితముకంటె ముందు మా పెద్దమ్మ వచ్చియుండెను. ఆమెకు ఎనుబదినాలుగేండ్లు. మా వంశమున ఎన్ని పురుళ్లు, ఎన్ని గాయములు, ఎన్ని ఆపరేషనులు జరిగెనో అన్నిటికిని పథ్యము నిర్ణయించినది ఆమెయే. మంచము ప్రక్కన కూర్చుండి ఒక్కమాట చెప్పెను: "పప్పు ముట్టనియ్యకుండ్రి, చీము పడ్తది. గుడ్డు పేరే ఎత్తకుండ్రి."

వైద్యుని కాగితము బీరువాపై చేరినది. అక్కగారికి బీరకాయ కూర, మిరియాల చారు, మెత్తని అన్నము, బ్రెడ్డు ముక్క. పెరుగు చలువ గనుక వలదు. పాలు కఫము గనుక ఒక గ్లాసునకు మించి వలదు. మా గృహిణి రెండుమార్లు మావంక చూచినది. మేము రెండుమార్లును పెద్దమ్మ వంక చూచితిమి. ఎదురు చెప్పి పెద్దఱికమును నొప్పించుటకంటె నాలుగు దినములు పప్పు మానుట తేలికయని తలంచితిమి. మానినది మేము కాదు గదా!

పదవనాటి రాత్రి మేనల్లుడు దిగెను. రెండు విమానములు మాఱి ఇరువదినాలుగు గంటలకు పైగా ప్రయాణము చేసి వచ్చెను. వానిని చూచుటకును అక్కగారిని పరామర్శించుటకును ఒక్క రాకతోనే సరిపోవునని చుట్టములందఱు ఆ దినమునే ఎంచుకొనిరి. మా గృహిణి లెక్కించినది గనుక చెప్పుచున్నాము: ఇరువదిమువ్వురు. వచ్చినవారందఱు మంచము కడకు పోయిరి. కొందఱు చేయి పట్టుకొనిరి, కొందఱు దుప్పటి తొలగించి కుట్లు చూచిరి. పసివారు మంచముపైకి ఎక్కిరి. పరామర్శింపకున్నచో ప్రేమ లేదందురు గదా. మేనల్లునికి దగ్గు ఉండెను. విమానములోని చల్లగాలికి గొంతు పట్టినదని వాడే చెప్పెను. చెప్పి, తల్లి భుజముపై తలపెట్టి ఏడ్చెను. ఆ తలను తీయుమని చెప్పగల కఠినుడు మాలో ఎవడును లేడు. ఇప్పటికిని ఉండునో లేదో మేము చెప్పలేము.

మూడుదినములకు అక్కగారికి జ్వరము వచ్చినది. ఆపరేషను అయినవారికి జ్వరము సహజమే యని ఎవరో అనిరి. మా మనుమని గొంతునొప్పికి కొన్న యాంటిబయాటిక్ బిళ్లలు డబ్బాలో నాలుగు మిగిలియుండెను. రెండు దినములు అవి వేసితిమి. తరువాతి తెల్లవాఱుజామున ఆమె ఊపిరి వేగము చూచి మా గృహిణి కేక వేసినది. చీర తడిసియుండెను. చూడగా కోత క్రిందికొన విచ్చి చీము వచ్చుచుండెను. పప్పు ముట్టకయే చీము పట్టినది. అంబులెన్సులో, ఆరాంఘరు దాటి ఎత్తుబాటమీద పోవుచుండగా మేనల్లుడు మాతో ఒక్కమాటయు ఆడలేదు. తన దగ్గును తానే దిగమ్రింగుచు కూర్చుండెను.

ఊపిరితిత్తులలో న్యుమోనియా, గాయములో చీము. పదునెనిమిది దినములు వైద్యశాలలో ఉంటిమి. వానిలో ఒక రాత్రి, నిద్రపట్టక వరండాలో తిరుగుచుండగా, అక్కడి చిన్న డాక్టరమ్మ మా ప్రశ్నలకు విసుగుకొనక కూర్చుండి చెప్పిన సంగతులును, తరువాత మేమై చదివి తెలిసికొన్నవియు ఇచ్చట వ్రాయుచున్నాము.

శస్త్రకారుని చేయి, దొంగవాని కత్తి అను భేదము దేహమెఱుగదు. కత్తి ఎంత శుభ్రమైనదైనను దేహమునకు అది గాయమే. కోతవలన చితికిన కణములలోని సరకు, లోపల దాగియుండవలసినది, బయటికి ఒలుకును. అది చూడగానే దేహము ఆపద వచ్చినదని చాటింపు వేయును. క్రిమి యొక్కటియు లేకున్నను ఈ చాటింపు తప్పదు. తెల్లకణములలో న్యూట్రోఫిల్ అనునవి గుంపులుగా గాయమువైపు పరుగిడును. ఇంటర్‌లూకిన్-6 అను దూత నెత్తురులో కొలది గంటలలోనే పెరిగి, ఇంచుమించు ఒక దినమునకు మిక్కుటమగును. దాని పిలుపు విని కాలేయము సి-రియాక్టివ్ ప్రోటీను అనుదానిని చేయసాగును. ఇది రెండవ మూడవ దినములలో శిఖరమునకు చేరి, అంతా సవ్యముగా ఉన్నచో తరువాత తగ్గును. ఆపరేషనైన మొదటి రెండు దినములలో వచ్చు జ్వరము పలుమార్లు ఈ సందడివలన కలుగునదే. జ్వరము సహజమని మాయింట అన్నవారు వినిన మాట ఇదియే. కాని వారు దినములు లెక్కపెట్టలేదు. మొదట తగ్గి, ఐదవనాడో పదవనాడో మరల వచ్చు జ్వరము వేఱు. అది వైద్యునికి తెలుపవలసిన జ్వరము.

ఇంతవఱకు ఒక సగము. రెండవ సగమును మేము ఎన్నడును వినియుండలేదు. ఊరిలో ఒక గడ్డివామునకు నిప్పంటుకొన్నచో ఊరంతయు బిందెలతో అక్కడికే పరుగెత్తును. ఆ వేళ తక్కిన యిండ్లకు కాపలా ఎవరు? అంతేకాదు, నిప్పార్పువారే తొందరలో పొరుగు గోడలు కూల్చకుండుటకై పెద్దలు "ఇక చాలు, నిలువుడు" అని వారించుచుందురు. దేహమును అట్లే వారించును. నొప్పికిని భయమునకును గాయమునకును మూత్రపిండములపైనున్న గ్రంథులు కార్టిసాలు, అడ్రినలిను విడుచును. ఇంటర్‌లూకిన్-10 వంటి శాంతిదూతలు బయలుదేఱును. ఫలితమేమనగా, నెత్తురులో లింఫోసైటుల లెక్క పడిపోవును. శత్రువును పట్టి తక్కినవారికి చూపు మోనోసైటులు తమ పైనున్న గుర్తుజెండాను, హెచ్.ఎల్.ఏ-డీ.ఆర్. అనుదానిని, దించివేయును. చెడిన కణములను వెదకి చంపు సహజహంతక కణముల చుఱుకుదనము దినములకొలది మందగించును. ఈ రెండును, రేపుటయు వారించుటయు, ఒకదాని తరువాత ఒకటి వచ్చునని పూర్వము తలంచెడివారు. మొదటినుండియు రెండును కలిసియే నడచుచుండునని ఇప్పుడు తెలిసినది. కోత పెద్దదైన కొలదియు, ఆపరేషను దీర్ఘమైన కొలదియు, నెత్తురు పోయిన కొలదియు ఈ మందగింపు హెచ్చు. చిన్న రంధ్రములగుండ గొట్టములు దూర్చి చేయు లాపరోస్కోపు ఆపరేషనులలో ఈ కల్లోలము తక్కువగా కనబడుటకు కారణమిదియే.

అనగా మా అక్కగారు ఇల్లు చేరిన దినములలో పైకి కోలుకొనుచున్నట్లు కనబడుచుండియు, లోపల కావలివాండ్రు అలసి కూర్చున్న కోటవలె నుండెను. మేము ఆ కోట తలుపులు బార్లాతీసి, అన్నపుగాదెకు తాళము వేసి, ఇరువదిమువ్వురిని లోపలికి ఆహ్వానించితిమి.

మత్తుమందు మాటయేమని మేము అడిగితిమి. అడుగుటకు మా ఊరివారికి ప్రత్యేకమైన హక్కు కలదు. మత్తుమందు మనిషిని ఎట్లు చంపును అను ప్రశ్నపై ప్రపంచమంతయు ఒకప్పుడు హైదరాబాదు వంక చూచినది. అఫ్జల్‌గంజు ఆస్పత్రి సర్జను ఎడ్వర్డ్ లారీ 1888లో క్లోరోఫారం కమిషను నొకదానిని నడపెను. దాని తీర్పును లండనువారు నమ్మకపోగా, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను వ్యయమునకు ఒప్పుకొని లండనునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుని రప్పింపగా, 1889లో రెండవ కమిషను కూర్చుండెను. క్లోరోఫారము ముందు ఊపిరినే ఆపును గాని గుండెను కాదని వారు నిర్ణయించిరి. ఆ నిర్ణయము పూర్తిగా నిలువలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను నతడు ఆ మందు గుండెను నేరుగా తల్లడిల్లజేయగలదని చూపెను. ఆనాటి హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తుమందు ఇచ్చుటయే వృత్తిగా గైకొనెను. స్త్రీలలో ప్రపంచమునకే ఆమె మొదటిదని చెప్పుదురు. అఫ్జల్‌గంజు ఆస్పత్రిని 1908 నాటి మూసీ వఱద తుడిచిపెట్టినది. ఇప్పుడా చోట ఉస్మానియా ఆస్పత్రి నిలిచియున్నది. ఆ కాలమున ప్రశ్న ఒక్కటే: రోగి బల్లమీదినుండి లేచునా? నేడు బల్లమీద చనిపోవుట బహు అరుదు. గండము బల్ల దిగిన తరువాతి దినములలోనికి జరిగినది. బంధువులమైన మనకు ఆ సంగతి ఇంకను తెలియలేదు.

మత్తుమందులలో కొన్ని, నల్లమందు జాతి నొప్పిమందులతోకూడ, గాజుపళ్లెములలో తెల్లకణములను మందగింపజేయుట నిజమే. దానినిబట్టి క్యాన్సరు ఆపరేషనులలో ఒక విధమైన మత్తు మేలని, వేఱొకటి కీడని కొంతకాలము ఆశపడిరి. 2019లో డేనియల్ సెస్లర్ మొదలగువారు రెండువేలకు పైగా రొమ్ముక్యాన్సరు స్త్రీలపై జరిపిన పరిశోధన ఫలితములు ప్రకటించిరి. నరమునకిచ్చు మత్తునకును ఒడలంతటికి ఇచ్చు మత్తునకును వ్యాధి తిరిగివచ్చుటలో తేడా కనబడలేదు. ఇది ఎందుకు వ్రాయుచున్నామనగా, మేనల్లుడు డాక్టరమ్మను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అమ్మకు ఆపరేషన్ చేయించి తప్పు చేసినమా? క్యాన్సర్‌ను మేమే విడిచిపెట్టినమా?" ఆమె దృఢముగా కాదనెను. కణితిని విడిచిపెట్టియుంటే ప్రేగు పగిలి ఆమె ఆ వారమే పోయియుండును. కావలి కొన్నాళ్లు మందగించుననుట కత్తిని మానుటకు కారణము కాదు, ఆ కొన్నాళ్లు మెలకువగా నుండుటకు కారణము. వాడు మరల అడుగలేదు గాని, వాని ముఖమున నమ్మకము కుదురుటకు చాల దినములు పట్టినది.

ఇక పప్పు మాట. ఇదే మాకు మిక్కిలి సిగ్గు కలిగించునది. గ్లాస్గో నగరపు వైద్యశాలలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అను నతడు 1930 ప్రాంతమున కాలెముకలు విఱిగిన రోగుల మూత్రమును దినదినము పరీక్షించి, వారి దేహములనుండి నత్రజని విస్తారముగా పోవుచున్నదని కనుగొనెను. విఱిగిన యెముకనుండి అంత నత్రజని రాదు. ఒడలంతటి కండ కరగుచున్నదన్నమాట. ఆపరేషనైనవారికిని అట్లే జరుగును. కొత్త తెల్లకణములకు, వ్యాధులనెదుర్కొను యాంటిబాడీలకు, పుండు పూడ్చు దారములవంటి పదార్థమునకు, అన్నిటికి మాంసకృత్తులు కావలెను. తినుటవలన రానిచో దేహము తన కండనే వలిచి ఇచ్చుకొనును. అక్కగారి చేతులు సన్నబడుట చూచి మేము "ఆపరేషను తిన్నది" అనుకొంటిమి. తిన్నది ఆపరేషను మాత్రమే కాదు. మేము పెట్టిన పథ్యమును కొంత తిన్నది.

చీము అనగానేమి? క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణముల కుప్ప. అది గాయములో క్రిములు చేరుటవలన వచ్చును. కందిపప్పు కడుపులో జీర్ణమై పోవును గాని గాయములోనికి నడచి పోదు. చీము పసుపుగా చిక్కగా ఉండుట చూచి ఉడికిన పప్పు జ్ఞాపకమునకు వచ్చి, రూపమును బట్టి ఈ నిషేధము పుట్టియుండునని మా యూహ. ఇది ఊహయే గాని రుజువు లేదు. పెద్దమ్మను నిందించుటకు మాకు నోరు రాదు. ఆమెకు ఎవరును చెప్పలేదు. మాకు వ్రాసి యిచ్చిరి. ఇరువురిలో తప్పెవరిదో చదువరులే చెప్పుదురు గాక.

చలి సంగతి మఱియొకటి. అక్కగారికి ఉక్కగా ఉండునని మేము మంచముపై ఫ్యాను ఆపకుండ ఉంచితిమి. మత్తులోనున్న దేహము తన వేడిని తాను నిలుపుకొనలేదు. ఆండ్రియా కుర్ట్స్, సెస్లర్ మొదలగువారు 1996లో ప్రకటించిన పరిశోధనలో ప్రేగు ఆపరేషను జరిగిన 200 మందిని రెండు భాగములు చేసిరి. ఆపరేషను వేళ దేహము చల్లబడినవారిలో నూటికి 19 మందికి గాయము చీము పట్టెను. వెచ్చగా ఉంచబడినవారిలో నూటికి 6 గురికి మాత్రమే. తేడా రెండు డిగ్రీల సెంటీగ్రేడు! చల్లబడినచోట నెత్తురు పాఱుట తగ్గును, తెల్లకణములకు ప్రాణవాయువు చాలదు. అది ఆపరేషనుగదిలోని లెక్క, ఇంటి ఫ్యానుకు దానిని తెచ్చి అంటగట్టరాదని డాక్టరమ్మ మమ్ము సరిదిద్దినది. అయినను మేము ఇప్పుడు దుప్పటి కప్పుచున్నాము.

పరామర్శలవలన ఏమగునో ప్రపంచమునకు గట్టిగా తెలిసినది కరోనా కాలమున. ఆపరేషను ముందో వెనుకనో ఆ వ్యాధి సోకినవారిని 24 దేశములలో లెక్కించి 2020లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. 1,128 మందిలో సగము మందికి ఊపిరితిత్తులు చెడినవి. ముప్పది దినములలో నూటికి ఇంచుమించు 24 గురు మరణించిరి. ఆ వ్యాధి అప్పటికి కొత్తది, ఎవరికిని దానిపై ముందటి కాపుదల లేదు. అందుచేత ప్రతి జలుబును దానితో సరితూచుట న్యాయము కాదు. మేనల్లుని దగ్గే అక్కగారిని పడవేసినదని మేమనము. ఇరువదిమువ్వురిలో ఎవరిదైనను కావచ్చును, ఎవరిదియు కాకపోవచ్చును. మంచము దిగనీయక నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి పీల్చనీయక మేము పండుకొనబెట్టినందునను ఊపిరితిత్తుల అడుగున నీరు నిలిచియుండవచ్చును. వైద్యశాలలో ఆమెను రెండవనాడే నడిపించియుండిరి. ఇంట మేము "కదలకు" అంటిమి.

బిళ్లల సంగతి చెప్పి ఈ జాబితా చాలింతుము. ఆపరేషను ముగిసిన తరువాత చీము రాకుండుటకై యాంటిబయాటిక్ మందులను పొడిగింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వైద్యులకే హెచ్చరిక చేసినది. వైద్యులకే కూడదన్నదానిని మేము డబ్బాలో మిగిలిన నాలుగు బిళ్లలతో చేసితిమి. అవి జ్వరమును కొంచెము అణచి, రెండు దినములు మమ్ము మోసపుచ్చినవి. ఆ రెండు దినములు అక్కగారి ఊపిరితిత్తులకు కొదువైనవి.

ఆ పదునెనిమిది దినములలో శంషాబాదునకును వైద్యశాలకును తిరుగుచుండగా ఒకనాడు పోలీసులు బాటనంతయు ఆపిరి. విమానమునుండి దిగిన యొక గుండె పెట్టెలో మంచుపై ప్రయాణము చేయుచున్నదని ప్రక్కనున్న ఆటోవాడు చెప్పెను. 2013లో జీవన్‌దాన్ ఏర్పడిన తరువాత మా బాటమీద ఇది అప్పుడప్పుడు జరుగుచున్నది. గుండెకు నాలుగు గంటలకు మించి వ్యవధి లేదు. మేము హారను మ్రోయింపక నిలిచితిమి. ఆ గుండె నందుకొనువాని దేహరక్షకులు దానిని పరాయిదని తఱుముదురు. కనుక వారిని జీవితాంతము మందులతో అణచియుంచవలెను. 1954లో బోస్టను నగరమున జోసెఫ్ మఱ్ఱే మూత్రపిండమును మార్చి నెగ్గినది, ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఒకే పోలికగల కవలలగుటచేత. అట్టి మందులు పుచ్చుకొనువారి యింటివారు ఎంత జాగరూకతతో నుందురో మేము తరువాత ఒకరిని అడిగి తెలిసికొంటిమి. చేతులు కడుగనిదే గదిలో అడుగిడరు, జలుబు చేసినవాడు సొంత తమ్ముడైనను వాకిటనే నిలుచును. ఎవరును నొచ్చుకొనరు. కారణము తెలిసినచో చుట్టములు నొచ్చుకొనరన్నమాట. మేము ఒక్కరికిని కారణము చెప్పియుండలేదు, మాకే తెలియదు గనుక.

అక్కగారు బ్రతికిరి. కోత క్రిందికొన దానంతట అది పూడుటకు రెండు నెలలు పట్టినది. ఈ ఆలస్యమువలన ఆమెకు తరువాత ఇయ్యవలసిన క్యాన్సరు మందు అనుకొన్న నాటికి మొదలు పెట్టలేక ఆఱువారములు జరిపిరి. ఆ ఆఱువారముల వెల ఏమో ఇంకను తెలియదు. ప్రతి మూడు నెలలకు పరీక్షకు పోవునప్పుడు మేనల్లుడు అక్కడ డాలసులో రాత్రి మేలుకొని ఫోను పట్టుకొని కూర్చుండును. ఇంతవఱకు వచ్చిన కాగితములన్నియు మంచివే.

కిందటి సంక్రాంతికి వాడు మరల వచ్చెను. కొంచెము పడిసెము ఉండెను. మూతికి గుడ్డ కట్టుకొని రెండు దినములు వరండాలోనే పండుకొనెను. తల్లి లోపలి గదిలో కిటికీ యొద్ద కుర్చీ వేసుకొని కూర్చుండెను. ఇద్దఱి నడుమ కిటికీ ఊచలు. విమానము పోవునప్పుడు మాటలు వినబడక ఇద్దఱును ఆగి, అది పోయిన తరువాత మొదలుపెట్టుచుండిరి.

మొన్న పెద్దమ్మ కంటికి శుక్లము తీసిరి. అది చిన్న పని, గడియలో ముగిసినది. మూడవనాడు మధ్యాహ్నము భోజనమునకు పిలువగా ఆమె పీటపై కూర్చుండి, విస్తరి తడవి చూచి, మా గృహిణిని అడిగెను: "పప్పేది?"